మొదటి ఏడాది ఎవరికి ముగుస్తుంది?

నిరుటి సంక్రాంతికి తెనాలిలో అమ్మ దగ్గర అందరం కలిశాం. భోజనాల దగ్గర మా అక్క కూతురు, ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న పిల్ల, ఎన్‌డిఎ పరీక్ష రాస్తానని చెప్పింది. పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీ. బావ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "పరీక్షదేముందమ్మా, పాసవుతావు. అక్కడ మొదటి ఏడాది ఉంటుంది చూడూ, అది ఆడపిల్లలు తట్టుకునేది కాదు" అన్నాడు. ఆయనేమీ మిలటరీలో పనిచేసినవాడు కాదు. బ్యాంకు ఉద్యోగి.

"ఏం చేయిస్తారే అక్కడ?" అని అడిగింది అమ్మ. పిల్ల తను చదివినవీ విన్నవీ చెప్పుకొచ్చింది. తెల్లారకముందే లేవాలట. పక్క మీద ఒక్క ముడత కనిపించకూడదట. సీనియర్ ఎదురైతే పక్కకి తప్పుకుని బిగుసుకుని నిలబడాలట. అడిగితేనే నోరు విప్పాలట. వాళ్ళు చూస్తుండగా గబగబా తినెయ్యాలట. బయటికెళ్ళాలంటే అనుమతి కావాలట. ఒకరు తప్పు చేస్తే అందరికీ శిక్షట.

అమ్మ మజ్జిగ కలుపుకుంటూ నవ్వింది. "ఇందులో కొత్తేముందే? నేను కాపురానికొచ్చిన మొదటి ఏడాది అచ్చం ఇదేగా. నాకెవరూ జీతమివ్వలేదు, అదే తేడా."

అందరం నవ్వాం. వంటింటి గుమ్మంలో నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడ్డ వదిన కూడా నవ్వింది.

ఆ మాట నన్ను వదిలిపెట్టలేదు. నేను డాక్టరేట్ చేసింది తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. కొత్తకోడలి రోజుల గురించి ఆడవాళ్ళు రాసుకున్న పేజీలు ఎన్నో చదివాను. హైదరాబాదు తిరిగొచ్చాక సైనిక అకాడమీల మొదటి ఏడాది గురించి దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. ఎక్కువగా అమెరికావే దొరికాయి. అక్కడ ఈ విషయం మీద నూరేళ్ళకు పైగా కోర్టుల్లోనూ చట్టసభల్లోనూ నవలల్లోనూ వాదన నడుస్తోంది. చదివేకొద్దీ అమ్మ చెప్పింది హాస్యం కాదని తేలింది.

మొదట పేరు పోతుంది. 1802లో పెట్టిన వెస్ట్‌పాయింట్‌లో మొదటి ఏడాది కేడెట్‌ని 'ప్లీబ్' అంటారు. ప్రాచీన రోములో సామాన్య జనాన్ని పిలిచిన మాట నుంచి వచ్చిందది. వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో 'రాట్', అంటే ఎలుక. దక్షిణ కరోలినాలోని సిటడెల్‌లో 'నాబ్'. గుండు గీసిన తల తలుపు పిడిలా ఉంటుందని ఆ పేరు. తర్వాత మాట పోతుంది. వెస్ట్‌పాయింట్ సంప్రదాయంలో ప్లీబ్‌కి ఉన్నవి నాలుగే జవాబులు: అవును సర్, కాదు సర్, చెప్పుకోడానికి సాకు లేదు సర్, అర్థం కాలేదు సర్. 'ఎందుకు' అనే ప్రశ్నకి ఆ జాబితాలో చోటు లేదు. తర్వాత నడక పోతుంది. వర్జీనియాలో 'ఎలుకలు' గడ్డం లోపలికి నొక్కిపెట్టి, బరాక్స్‌లో గీసి ఇచ్చిన దారి వెంటే నడవాలి. వాళ్ళ గదులు అన్నిటికంటే పై అంతస్తులో ఉంటాయి. పెద్ద తరగతికి వెళ్ళేకొద్దీ కిందికి దిగుతారు. మెట్లెక్కడంలో కూడా హోదా ఉంది.

నన్ను అన్నిటికంటే ఆపినది భోజనాల బల్ల. వెస్ట్‌పాయింట్‌లో పెద్దవాళ్ళ గ్లాసుల్లో పానీయాలు పోసేది ప్లీబులే. కేకునో పైనో అందరికీ సమానంగా వచ్చేట్టు కోసి పెట్టేదీ వాళ్ళే. ముక్కలు హెచ్చుతగ్గులైతే తిట్లు. పెద్దవాళ్ళ ఉతికిన బట్టలు గదిగదికీ చేర్చడమూ వాళ్ళ పనే. ఇంకా బూట్లు మెరిపించడం, పక్క సర్దడం, గది తుడవడం. అంటే ప్రపంచంలో పేరుమోసిన యోధుల్ని తయారుచేసే చోట మొదటి పాఠం వడ్డన, చాకిరీ, మౌనం! మగపిల్లవాడిని లొంగదీయడానికి ఆ సంస్థలకు తట్టిన మార్గం అతన్ని ఒక ఏడాదిపాటు కోడల్ని చెయ్యడం. 1976 జులైలో వెస్ట్‌పాయింట్‌లో మొదటిసారి 119 మంది స్త్రీలు చేరారు. 1980లో 62 మంది పట్టా తీసుకున్నారు. వారిలో ఒకరైన కరోల్ బార్కలో తన జ్ఞాపకాలను 1990లో పుస్తకంగా తెచ్చారు. దానికి పెట్టిన పేరు 'ఇన్ ద మెన్స్ హౌస్', మగవాళ్ళ ఇంట్లో అని. అత్తవారిల్లు అన్న మాటకి ఇంతకంటే మంచి ఇంగ్లీషు నాకు తోచదు.

మరి తేడా ఎక్కడుంది? ముగింపులో ఉంది. ప్లీబు ఏడాది చివర 'రికగ్నిషన్' అనే రోజు వస్తుంది. అంతకాలం గద్దించిన సీనియర్లు ఎదురుగా నిలబడి, చెయ్యి కలిపి, తమ పేరు చెప్పి పరిచయం చేసుకుంటారు. ఆ రోజు నుంచి అతను మనిషి. 'ఎలుకల' కాలం కూడా ఏడాది తిరక్కుండానే ముగుస్తుంది. కష్టానికి ఒక తేదీ ఉంది, ఆ తేదీ తర్వాత హోదా ఉంది, జీవితాంతం చెప్పుకునే గర్వం ఉంది. మా అమ్మకి అలాంటి రోజు ఎప్పుడొచ్చింది? పట్టాభిషేకం మాట అటుంచి, ఆమె పేరు పెట్టి పలకరించినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరున్నారు? అదే పని మగవాడు ఏడాది చేస్తే శిక్షణ అయింది. ఆడది ముప్ఫై ఏళ్ళు చేస్తే స్వభావం అయింది. ఆ స్వభావం గలవాళ్ళు శిక్షణ తట్టుకోలేరని మళ్ళీ మనకే చెబుతారు!

సరిగ్గా ఈ వాదనతోనే వర్జీనియా రాష్ట్రం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మా పద్ధతి శారీరక కాఠిన్యం, మానసిక ఒత్తిడి, ఏకాంతం లేకపోవడం మీద నిలబడింది, స్త్రీలొస్తే ఆ పద్ధతే కూలిపోతుంది అని వాదించింది. ఆడపిల్లల కోసం వేరే కళాశాలలో మెత్తటి కోర్సు ఒకటి పెట్టి ఇది చాలదా అంది. 1996 జూన్ 26న న్యాయస్థానం 7-1 తేడాతో ఆ వాదనని తోసిపుచ్చింది. తీర్పు రాసినది రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. చేతనైన స్త్రీలు, కావాలనుకునే స్త్రీలు ఉన్నప్పుడు, 'సాధారణంగా స్త్రీలు ఇలా ఉంటారు' అనే మాటతో తలుపు మూయడం చెల్లదన్నది ఆ తీర్పు సారం. 1997లో 30 మంది ఆడపిల్లలు అక్కడ 'ఎలుకలు' అయ్యారు.

మన దగ్గర వాదన కూడా ఇలాగే సాగింది. సైన్యంలో స్త్రీలకు శాశ్వత కమిషన్ విషయంలో 2020 ఫిబ్రవరి 17న మన సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చిన మగ సిపాయిలు ఆడ అధికారి ఆజ్ఞను స్వీకరించడానికి ఇంకా సిద్ధంగా లేరని ఆ కేసులో కేంద్రం చెప్పుకుంది. లోపం మగవాడి మనసుదని ఒప్పుకుంటూనే శిక్ష మాత్రం ఆడదానికి వేయమన్నారన్నమాట. 2021 ఆగస్టు 18న ఎన్‌డిఎ పరీక్ష ఆడపిల్లలు కూడా రాయొచ్చని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వచ్చే ఏడాది నుంచి మొదలుపెడతామని ప్రభుత్వం గడువడిగితే ఒప్పుకోలేదు. 2022లో 19 మంది చేరారు. 2025 మే 30న 17 మంది పాసింగ్ అవుట్ పరేడ్‌లో నడిచారు. మా బావ అన్న 'తట్టుకోలేని' మొదటి ఏడాది వాళ్ళ వెనక ఎప్పుడో ఉండిపోయింది.

తట్టుకోలేరనే మాట వెనక ఉన్న అసలు దిగులు వేరే అనిపిస్తుంది నాకు. మన ఊళ్ళలో మగవాణ్ణి రెచ్చగొట్టాలంటే 'గాజులు తొడుక్కో' అంటారు. సిటడెల్ బరాక్స్ గురించి సుసాన్ ఫలూడీ 1994లో 'న్యూయార్కర్'లో రాసిన వ్యాసం చదివితే అక్కడి తిట్లూ ఆ బాపతువేనని తెలుస్తుంది. వెనకబడ్డవాణ్ణి ఆడదానితో పోల్చడమే ఇంధనంగా నడిచే యంత్రం అది. ఆ పక్కనే గాజుల చెయ్యి అదే బరువు మోసుకుంటూ పరిగెడితే ఆ తిట్టు ఏమవుతుంది? అందుకే 1995 ఆగస్టులో షానన్ ఫాక్నర్ కోర్టు ఉత్తర్వుతో సిటడెల్‌లో చేరి, వారం తిరక్కుండా వెళ్ళిపోతే, మగ కేడెట్లు టీవీ కెమెరాల ముందు పండగ చేసుకున్నారు. ఆ వారంలోనే మానేసి వెళ్ళిపోయిన మగపిల్లలూ చాలామంది ఉన్నారు. వాళ్ళ ఓటమి మగజాతి ఓటమి కాలేదు. ఒక్క ఆడపిల్ల ఓటమి మాత్రం మొత్తం స్త్రీజాతి ఓటమి అయింది.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం మనందరికీ హాయిగా ఉంటుంది. అత్తగారిని తట్టుకున్నదానికి అకాడమీ ఒక లెక్కా అని మీసం లేని మూతిని మెలేసి ముగించవచ్చు. కానీ ఆ మాట నేను అనలేను. తట్టుకోవడాన్ని ఘనతగా చెప్పడం మొదలుపెడితే, తట్టుకోవలసినదాన్ని పెట్టినవాళ్ళు తప్పించుకుంటారు. మనల్ని ఇంతకాలం వంటింట్లో కట్టిపడేసిందీ ఈ సహనం మీది పొగడ్తే కదా?

1898లో వెస్ట్‌పాయింట్ వదిలి వెళ్ళిన ఆస్కార్ బూజ్ అనే కేడెట్ 1900లో చనిపోయాడు. సీనియర్లు బలవంతంగా కారపు సాస్ తాగించడం వల్లనే అని తల్లిదండ్రులు ఆరోపించారు. 1901లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ జరిపింది. నిబంధనలు మారాయి, పద్ధతులు దాక్కున్నాయి. సిటడెల్‌లో 1996లో చేరిన నలుగురు ఆడపిల్లల్లో ఇద్దరు, తమ దుస్తులకు నిప్పంటించడం దాకా వెళ్ళిన వేధింపుల తర్వాత 1997 జనవరిలో వెళ్ళిపోయారు. వర్జీనియా సంస్థలో జాతి వివక్ష, స్త్రీలపట్ల వివక్ష పాతుకుపోయాయని 2021లో ఒక స్వతంత్ర దర్యాప్తు తేల్చింది. స్త్రీలు అడుగుపెట్టిన 24 ఏళ్ళ తర్వాత! అన్నిచోట్లా సమర్థించేవాళ్ళ మాట ఒకటే: మేం పడ్డాం, మీరూ పడండి.

ఈ మాట మనకి కొత్తా? అమ్మ ఆ రోజు ఇంకో మాట కూడా అంది. "మా అత్తగారినీ వాళ్ళత్త ఇలాగే ఏడిపించిందట. ఆవిడ కసి ఆవిడది." అమ్మ అలా చెబుతున్నంతసేపూ వదిన గుమ్మంలోనే ఉంది. అందరం తినడం అయ్యేదాకా ఆమె కూర్చోలేదు. కూర్చోమని అమ్మ అనలేదు. స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసిన నేనూ అనలేదు. రెండోసారి నెయ్యి వడ్డించమని అడిగింది నేనే. యూనివర్సిటీ హాస్టల్లో జూనియర్ పిల్లల్ని మంచమెక్కించి పాటలు పాడించిన సీనియర్లలో నేనూ ఒకదాన్ని. మేమూ పాడాం కదా అనుకున్నాను. నిన్న పడినవాళ్ళ చేతే ఇవాళ పెట్టించడం ఈ వ్యవస్థల అసలు నైపుణ్యం. అకాడమీలో దాన్ని సంప్రదాయం అంటారు, ఇంట్లో సంసారం అంటారు.

యుద్ధానికి సిద్ధం చేయాలంటే కాఠిన్యం వద్దా అని అడుగుతారు. కావాలి. బరువుతో పరుగు, ఈత, నిద్ర లేకుండా నడక, తుపాకీ, మ్యాపు చదవడం, భయంలో కూడా పక్కవాణ్ణి వదలకపోవడం నేర్పవలసినవే. కేకు ముక్కల కొలతలు తప్పినందుకు తిట్లు తినడం ఇందులో దేన్ని నేర్పుతుంది? అది నేర్పేది ఒకటే, కిందివాడి మీద అధికారం ఎలా రుచిస్తుందో. 2004 జులైలో ఇంఫాల్‌లో కాంగ్లా కోట ముందు మణిపురి తల్లులు బట్టలు విప్పి సైన్యాన్ని నిలదీశారు. అలాంటి చోటికి ఆడపిల్లల్ని పంపడం ఏం స్త్రీవాదం అని అడిగే మిత్రులున్నారు. వారి ప్రశ్న నాకు శత్రువు కాదు. తలుపు మూసి ఉన్నప్పుడు తెరవమనడం, తెరిచాక లోపల జరిగేదాన్ని నిలదీయడం, రెండూ మన పనేనని నా నమ్మకం. మొదటిది మాత్రమే చేస్తే, మనం సాధించేది మరో తరం అత్తగార్లని.

ఊరికి బయల్దేరేముందు పిల్ల నన్ను పక్కకి పిలిచి, "పిన్నీ, నువ్వు చెప్పు, రాయనా?" అంది. రాయమన్నాను. మొదటి ఏడాది సంగతి నాకు భయం లేదన్నాను. నాకు భయం రెండో ఏడాది గురించి. అప్పుడు నీ ముందు ఒక కొత్తపిల్ల బిగుసుకుని నిలబడి ఉంటుంది. నువ్వు పడినదంతా నీకు గుర్తుంటుంది. ఆ రోజు ఆమె పేరేమిటని అడుగు. నీ పరీక్ష అదీ అన్నాను.

పిల్ల తల ఊపి, చాలా మామూలుగా, "అయితే మనింట్లో రెండో ఏడాది ఎప్పుడు మొదలవుతుంది పిన్నీ? అత్త ఇవాళ కూడా చివరే తింది" అంది.

నా దగ్గర ఆ నాలుగు జవాబుల్లో ఒకటే మిగిలింది: చెప్పుకోడానికి సాకు లేదు.