రివర్ వ్యూ ఇంటికి రేటు పెరిగింది సరే, నదిని కాసేది ఎవరు?

విశాఖ, భీమిలి వైపు ఇళ్ళు అమ్మేవాళ్ళని గమనించండి. గదులెన్ని, టైల్స్ ఏ రకం అనేది తర్వాత చెప్తారు. ముందు బాల్కనీలోకి తీసుకెళ్ళి నీళ్ళు చూపిస్తారు. నీళ్ళు కనిపిస్తే ఒక రేటు, కనిపించకపోతే ఇంకో రేటు. పాత ఇల్లయితే నీళ్ళ వైపు గోడ కొట్టించి పెద్ద అద్దాల కిటికీ పెట్టిస్తారు, మేడ మీద ఇంకో గది లేపుతారు, మళ్ళీ రేటు పెంచుతారు. ఎవరి ఇల్లు వాళ్ళు బాగుచేసుకుంటారు, దానికి మనమెందుకు ఏడవాలి? నేను అడిగేది వేరే. ఆ రేటులో నది వాటా ఎంత? ఆ నదిని అక్కడిదాకా బతికించి పంపినోళ్ళ వాటా ఎంత?

గోస్తనీ సంగతే తీసుకుందాం. మా అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల్లోంచి పారుతుంది. గుహలో ఆవు పొదుగులా వేలాడే రాయిని బట్టే ఆ పేరు వచ్చిందని చెప్తారు. కిందికి దిగి గంట్యాడ మండలంలో తాటిపూడి రిజర్వాయర్‌ని నింపుతుంది. 1960ల్లో కట్టిన ఆ రిజర్వాయర్ నీళ్ళతో విజయనగరం రైతుల పొలాలు తడుస్తాయి, విశాఖకి తాగునీళ్ళు వెళ్తాయి. చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద కూడా ఈ కొండల బిడ్డే, రైవాడ రిజర్వాయర్‌లో ఉన్నది ఆ నీళ్ళే. అంటే విశాఖలో కుళాయి తిప్పేవాళ్ళు చాలామంది మా గెడ్డల నీళ్ళే తాగుతున్నారు. ఎంతమందికి తెలుసు? అరకు వచ్చి బొంగు చికెన్ తిని సెల్ఫీ దిగి పోయేవాళ్ళని అడిగి చూడండి.

ఇప్పుడు మనోళ్ళలోనే కొందరు చదువుకున్నవాళ్ళు ఒక మాట మొదలుపెట్టారు. "1/70 చట్టం వల్లే మన ఇళ్ళకీ భూములకీ విలువ లేదు. దాన్ని కొంచెం సడలిస్తే మన పెంకుటిళ్ళు కూడా కోట్లు పలుకుతాయి" అని. ఈ మాట పైనుంచి కూడా వచ్చింది. విశాఖలో పర్యాటక పెట్టుబడుల సమావేశంలో స్పీకర్ గారు చట్టాన్ని సవరించాలన్నట్టు మాట్లాడితే, 2025 ఫిబ్రవరిలో ఆదివాసీ సంఘాలు 48 గంటలు మన్యం బంద్ చేశాయి. ఆ తర్వాతే చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రి చెప్పారు. బంద్ అయిపోయింది, మాట మాత్రం చావలేదు. హోమ్‌స్టే రూపంలో తిరుగుతోంది.

విలువ లేదన్న మాటే అబద్ధం. మన ఇంటిని, భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టుకోవడానికి చట్టంలో దారి ఉంది. అప్పు తీర్చకపోతే వేలంలో ఆదివాసీ గానీ, ఆదివాసీలే సభ్యులుగా ఉన్న సొసైటీ గానీ కొనాలి, అంతే తేడా. అయినా అప్పు ఇవ్వని బ్యాంకు మేనేజరుని నిలదీయాలి గానీ చట్టాన్ని తిట్టడమేంటి? ఒకసారి అమ్మేశాక కోటి రూపాయల ఇల్లు మనది కాదు, కొన్నవాడిది. ఆ ఇంట్లో మనకి మిగిలేది వాచ్‌మన్ ఉద్యోగం.

అరకు, అనంతగిరి రోడ్డు పొడవునా ఇళ్ళు మారిపోతున్నాయి. పెంకు పోయి స్లాబు వచ్చింది, మనోళ్ళ కష్టంతో వచ్చినచోట నాకూ సంతోషమే. కానీ కొన్ని ఇళ్ళు చూడండి. పట్టా మనోళ్ళది, కరెంటు మీటరు మనోళ్ళది. ఏసీలు, మంచాలు, ఆన్‌లైన్ బుకింగ్ డబ్బులు మాత్రం వేరేవాళ్ళవి. "ఇల్లు మేమే బాగుచేసి ఇస్తాం, పదేళ్ళు మాకు వదిలెయ్యి" అంటారు. లీజు అనరు, ఒప్పందం అంటారు. ఆ చట్టం ఒకసారి చదవండి. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, దానం, మార్పిడి, చివరికి స్థిరాస్తి మీద చేసుకునే ఒప్పందం కూడా బదిలీ కిందికే వస్తుంది. గిరిజనేతరుడి పేరుకి అలాంటి బదిలీ చెల్లదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది ఆదివాసీ నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఇంత గట్టి చట్టం ఉండగా మన చిన్నాన్న పేరు మీదే బినామీ నడుస్తోందంటే, మనం మొహమాటపడి ఊరుకుంటున్నాం కాబట్టే.

దీనికీ నదికీ ఏం సంబంధం అంటారా? బొర్రా చుట్టూ సున్నపురాయి. అది ఇసుక నేలలా నీటిని వడకట్టదు. వాన నీళ్ళు పగుళ్ళలోంచి, బిలాల్లోంచి జారి ఇంకెక్కడో ఊటగా పైకొస్తాయి. పైన పది గదులు కట్టి, గదికో బాత్రూమ్ పెట్టి, అడుగు లేని గుంట ఒకటి తవ్వి దానికే సెప్టిక్ ట్యాంకు అని పేరు పెడితే ఆ మురికి ఎక్కడ తేలుతుంది? కింద ఊరి చెలమలో. పది గదులకి నీళ్ళు కావాలంటే బోరు వేస్తారు. కొండవాలులో ఇష్టమొచ్చినట్టు బోర్లు పడితే వేసవిలో కింద ఊట సన్నబడుతుంది. అప్పుడు బిందె పట్టుకుని ఇంకో మలుపు దిగి వెళ్ళేది పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి కాదు, మన వదినలూ పిన్నులూ. పార్కింగ్ కోసం జేసీబీతో వాలుని కోస్తారు. తర్వాతి వానకి గెడ్డ ఎర్రగా పారుతుంది. ఆ మట్టి పోయేది రిజర్వాయర్ అడుగుకే. అక్కడ మట్టి ఎంత పేరుకుంటే నీళ్ళకి చోటు అంత తగ్గుతుంది. చెట్ల నీడలో కాఫీ తోట ఉన్న వాలు ఆ మట్టిని పట్టి ఆపుతుంది. దానికి ఎవరూ మనకి కూలి ఇవ్వరు, అది వేరే సంగతి.

హైదరాబాద్‌ని చూడండి. 1908లో మూసీ ముంచెత్తాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్లు కాపాడాలని 1996లో జీవో 111 తెచ్చారు. దానివల్ల 84 ఊళ్ళ భూములకి విలువ లేదన్నారు, ఇదే మాట. 2022లో ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. దిగువన మూసీ సంగతి చెప్పక్కర్లేదు, దానివైపు కిటికీ తెరుచుకునేవాడే లేడు. 2024లో నది బాగుచేస్తామంటూ బయల్దేరితే ముందు గుర్తులు పడింది ఒడ్డున పేదల ఇళ్ళ గోడల మీదే.

మన కొండలు ఆ గతికి రాలేదంటే ఊరికే కాదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఈ బొర్రా ఊళ్ళ గనుల లీజుల మీద పుట్టిందే. షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం ప్రభుత్వానికి కూడా కుదరదని అందులో చెప్పారు. గనుల లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలన్న మాట కూడా అందులోదే. రాయికి ఆ లెక్క ఉన్నప్పుడు నీళ్ళకి ఎందుకు ఉండకూడదు? విశాఖలో వసూలయ్యే నీటి పన్నులోంచి ఇంత శాతం ఎగువ గ్రామసభల ఖాతాకి అని రాసివ్వమని అడుగుదాం. దాన ధర్మం కాదు, కాపలా కూలి.

విశాఖ, భీమిలి ఇళ్ళ ఓనర్లకి కూడా ఒక మాట. మీ ఇంటి రేటులో సగం కిటికీ బయటే ఉంది. రేపు 1/70 ఎత్తేస్తే మా భూమి పోతుంది, వెనకాలే మీ నీళ్ళు పోతాయి. తర్వాత మీరు ఎన్ని లక్షలు పెట్టి కిచెన్ మార్చినా కుళాయిలో బురదే. మళ్ళీ బంద్ జరిగితే టూర్ పాడైందని మమ్మల్ని తిట్టకండి, వచ్చి మా పక్కన కూర్చోండి.

మన వైపు పని మాత్రం ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ పరీవాహక ప్రాంతాన్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. పీసా చట్టం ఉంది. కట్టుకోండి, ఇల్లు బాగుచేసుకోండి, అతిథుల్ని మీరే పెట్టుకుని డబ్బులు మీరే తీసుకోండి. కానీ గెడ్డకి ఎంత దూరంలో కట్టాలో గ్రామసభ తేల్చాలి. సెప్టిక్ ట్యాంకుకి అడుగు, గోడలు సిమెంటు చెయ్యాలి, నిండితే బండి పెట్టి తోడించాలి. కొత్త బోరు గ్రామసభని అడగకుండా పడకూడదు. వాకిలంతా సిమెంటు పోసెయ్యకుండా వాన నీళ్ళు ఇంకడానికి చోటు వదలాలి. ఇంటికి ఇసుక కావాలంటే ఎక్కడ, ఎన్ని బళ్ళు అన్నది ఊరే చెప్పాలి, రాత్రిపూట వచ్చే ట్రాక్టరు కాదు.

వచ్చే గ్రామసభలో లేచి ఒక్క ప్రశ్న అడగండి. మన పంచాయతీలో హోమ్‌స్టేలు ఎన్ని, వాటిలో రాత్రి డబ్బులు లెక్కపెట్టుకునేది ఎవరు? జవాబు ఎవరు చెప్పినా, చెప్పకుండా తల దించుకున్నా, మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించండి.