టెలిఫోను ఆపరేటర్ల ఆరోగ్యం

ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసే రోజులు పోయాయి. తీగలు గుచ్చి ఊరికీ ఊరికీ మాట కలిపిన ఆ పాత బోర్డులూ పోయాయి. ఆపరేటరు ఉద్యోగం మాత్రం పోలేదు. ఆస్పత్రుల్లో, హోటళ్ళలో, 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 సర్వీసులో ఎందరో చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని గంటల కొద్దీ పనిచేస్తున్నారు.

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ నుంచి పాము కరిచిందని ఒకరు ఫోను చేశారనుకోండి. హైదరాబాదులో కొండాపూర్ పక్కనా ఒక కొత్తగూడ ఉంది. భద్రాద్రి జిల్లాలో కొత్తగూడెం ఉంది. వినడంలో చిన్న పొరపాటు జరిగినా ప్రాణం మీదికి రావచ్చు.

ఎక్కువ శబ్దం వల్ల లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. అవి తిరిగి పుట్టవు. మొదట హెచ్చు స్థాయి ధ్వనులు వినబడవు. మాట వినిపిస్తుంది కాని స, ష వంటి అక్షరాలు తేలిగ్గా పట్టుబడవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. 88 అయితే 4 గంటలే. కనుక వాల్యూము అవసరమైనంతే పెట్టుకోండి. హెడ్‌ఫోనును ఒకే చెవికి కాక, మార్చి మార్చి పెట్టుకోండి. ఇతరులు వాడినదైతే శుభ్రం చేయకుండా వాడకండి. చెవిలో నూనె పోయడం, అగ్గిపుల్ల పెట్టి తిప్పడం మానండి. చెవిలో హోరు వినిపిస్తుంటే ఆలస్యం చేయక వినికిడి పరీక్ష చేయించుకోండి.

గొంతు బొంగురు పోకుండా మధ్య మధ్య గుక్కెడు మంచినీళ్ళు తాగండి. మాటిమాటికీ గొంతు సవరించుకోవద్దు. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించుకోవాలి.

రిసీవరును చెంపకూ భుజానికీ మధ్య ఇరికించి రాసుకునే అలవాటు మెడనొప్పికి దారితీస్తుంది. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి.

ఫోను చేసే పాఠకులకూ ఒక మనవి. ఊరి పేరుతో పాటు మండలం, జిల్లా నిదానంగా చెప్పండి. అరవకండి. ఆపరేటరు తిరిగి అడిగితే విసుక్కోకండి. ఆ రెండో ప్రశ్న మీ మేలు కోసమే.