చేయించుకున్న కారుకి మజూరీ ఎవరిస్తారు?

కారు, ఇన్సూరెన్సు అనగానే "అవి మగవాళ్ళ గొడవలులే" అని పేజీ తిప్పెయ్యకండి. పాలసీ కాయితాలు ఉండేది మన బీరువాలోనే. నష్టం వస్తే లోటు పడేదీ మన ఇంటిఖర్చులోనే. కాబట్టి ఈ వారం కాస్త ఓపిగ్గా చదవండి.

మనకు బాగా తెలిసిన బంగారంతో మొదలుపెడతాను. మోజుపడి, డిజైను చెప్పి, మజూరీ పోసి ఒక నగ చేయిస్తాం. ఎప్పుడైనా అవసరానికి అమ్మబోతే షాపువాడు ఏం చేస్తాడు? తూకం వేస్తాడు, తరుగు తీస్తాడు, మజూరీ మాట మాత్రం ఎత్తడు. పాత కారుని ముచ్చటపడి బాగుచేయించుకున్నా, చెప్పి చేయించుకున్నా ఇన్సూరెన్సులో జరిగేది అచ్చంగా ఇదే.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్ళకి అక్కడి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ గుర్తుండే ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసమని ప్రత్యేకంగా తయారుచేయించిన 1912 నాటి కారు అది. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో అయితే వంకాయ ఆకారంలో కూడా కారుంది! ఇలాంటివాటికి షోరూము ధర ఎక్కణ్ణుంచి తెస్తాం? చేసిన చేతుల పనితనమే వాటి ధర.

రాజుల సంగతి అలా ఉంచండి. మన ఇళ్ళల్లోనూ మావగారి అంబాసిడరో, నాన్నగారి ఫియట్టో షెడ్డులో ఉంటుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అందుకని ఉన్నవాటిని అపురూపంగా చూసుకుంటున్నారు. టింకరింగు, పెయింటు, సీట్లు, ఇంజను పని అంటూ లక్షలు పెట్టి కొత్తదానిలా చేయించుకుంటున్నారు.

కంపెనీ లెక్క వేరు. పాలసీలో "ఐ.డి.వి." అని ఒక అంకె ఉంటుంది. కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చేది ఆ అంకె మేరకే. కొత్త కారుకైతే తయారీదారు ప్రకటించిన ధరలోంచి వయసునిబట్టి తరుగు తీస్తారు. ఏడాది దాటి రెండేళ్ళ లోపుంటే 20 శాతం, నాలుగేళ్ళు దాటి అయిదేళ్ళ లోపుంటే 50 శాతం. మరి అయిదేళ్ళు దాటినవాటికీ, తయారీ ఆగిపోయినవాటికీ? 2002 నాటి మోటారు టారిఫ్‌లో ఉన్న మాట ఏమిటంటే, కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకున్న విలువ అని. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. అడిగే హక్కు మనకుంది. కానీ మనం అడగం. ఏజెంటు పోయినేటి అంకెలోంచి ఇంకాస్త తగ్గించి రాసేస్తాడు. ప్రీమియం తగ్గింది కదా అని మనమూ సంతోషిస్తాం.

తణుకులో మా ఆడపడుచు వాళ్ళింట్లో జరిగింది చెబుతాను. అన్నయ్యగారు వాళ్ళ నాన్నగారి అంబాసిడర్‌ని అయిదేళ్ళపాటు, చేతిలో డబ్బు ఉన్నప్పుడల్లా కొంచెం కొంచెంగా చేయించారు. మొత్తం నాలుగు లక్షల పైమాటే. పాలసీలో ఉన్న విలువ యాభై వేలు. ఒక గాలివానకి కొబ్బరిచెట్టు విరిగి షెడ్డు మీద పడింది. రిపేరుకి లక్షా ఎనభై వేలవుతుందన్నారు. రిపేరు ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతం దాటితే కారు మొత్తం పోయినట్టే లెక్క. అంటే ఇక్కడ ముప్ఫై ఏడున్నర వేలు దాటితే చాలు! చివరికి చేతికొచ్చింది యాభై వేలకి కొంచెం తక్కువే. కంపెనీని అనడానికేం లేదు, కాయితం మీద ఉన్నదే ఇచ్చారు. "వదినా, సీటు గుడ్డకి కూడా రాజమండ్రి వెళ్ళి నాలుగు షాపులు తిరిగాం. ఆ కాయితం మీది అంకె మాత్రం ఒక్కసారీ చూళ్ళేదు" అని మా ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మీ ఇంట్లో అలాంటి కారుంటే ఈ పనులు చేయించండి.

ముందు పాలసీ తీసి చూడండి. చాలా పాత కార్లకి "థర్డ్ పార్టీ" ఒక్కటే ఉంటుంది. చట్టప్రకారం అది తప్పనిసరి, కానీ ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికే పనికొస్తుంది. మన కారుకి పైసా రాదు.

రెండోది, రుజువులు. మెకానిక్కు చీటీ దగ్గర్నుంచి పెయింటు బిల్లు దాకా ఒక కవర్లో పెట్టండి. పనికి ముందూ తర్వాతా తేదీతో ఫోటోలు తీయించండి. లైసెన్సున్న సర్వేయరుచేత విలువ కట్టించి, ఆ కాయితం జతచేసి, రెన్యూవల్‌కి ముందే కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక కంపెనీ ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీని అడగండి. ప్రీమియం పెరుగుతుంది, నిజమే. ఎంత పెరుగుతుందో అడిగి, పోతే ఎంత నష్టమో పక్కన వేసుకుని చూస్తే లెక్క మీకే తెలుస్తుంది.

మూడోది, మార్పులు దాచకండి. ఇంజను మార్చడం, ఛాసిస్ కోయించడం లాంటివి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కిందికి వస్తాయి. రవాణా శాఖ అనుమతి కావాలి, ఆర్.సి.లో ఎక్కాలి. కంపెనీకి చెప్పకుండా చేయిస్తే క్లెయిము రోజున ఆ మాటే పట్టుకుంటారు.

నాలుగోది, చిన్న రిపేర్లలో తరుగు. పదేళ్ళు దాటిన కారుకి ఇనుప భాగాల మీద సగం కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకీ సగమే. అద్దాలకి మాత్రం కోత లేదు.

మరీ పాతవాటికి వేరే దారి ఉంది. 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్టు ఉన్న కార్లకి "అగ్రీడ్ వాల్యూ" పాలసీ ఇవ్వచ్చని ఆ టారిఫ్‌లోనే ఉంది. అంటే ముందే విలువ ఒప్పుకుంటారు, కారు పూర్తిగా పోతే తరుగు తీయకుండా అంతా ఇస్తారు. రిజిస్ట్రేషన్ సంగతి వేరు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా ఉంచిన బండ్లకి "వి.ఏ." అక్షరాలతో వింటేజ్ నంబరిస్తారు. అలా తీసుకున్నాక దాన్ని రోజూ కూరలకీ, పెళ్ళిళ్ళ బాడుగకీ తిప్పకూడదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల్లోనూ పాత కార్ల మోజున్నవాళ్ళుంటారు. అక్కడ ఇలాంటి కార్లకి అగ్రీడ్ వాల్యూ పాలసీలు మామూలే. అయితే రోజువారీకి వేరే కారుండాలి, తాళం వేసే గ్యారేజీ ఉండాలి అని షరతులు పెడతారు. "స్టేటెడ్ వాల్యూ" అని ఇంకోటుంది, పేరు చూసి మోసపోవద్దని చెప్పండి. అందులో మనం రాసిన అంకె, ఆనాటి మార్కెట్టు ధర, రెండిట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు.

కంపెనీతో పేచీ వస్తే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. నెల్లోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు. అయితే పాలసీలో యాభై వేలని ఉంటే ఆయన మాత్రం నాలుగు లక్షలు ఇప్పించలేరు.

అందుకే ఈ ఆదివారం వంటయ్యాక బీరువా తెరిచి ఆ కాయితం తీయండి. ఐ.డి.వి. ఎదురుగా ఎంతుందో ఇంట్లో అందరికీ వినపడేలా పైకి చదవండి. మీ కారు విలువ అంతేనని మీవారు ఒప్పుకుంటే సరే. "అదేంటీ, అంతేనా?" అన్నారంటే మాత్రం సోమవారం ఏజెంటుకి ఫోను చేయించండి.