మచ్చ చెరపడానికే డబ్బుల్లేవా?

పాత కేసుల రికార్డును ఎవరూ దరఖాస్తు పెట్టుకోకుండానే ప్రభుత్వమే మూసివేయాలని అమెరికాలో మొదట చట్టం చేసిన రాష్ట్రం పెన్సిల్వేనియా. 2018లో చేసి 2019లో అమలు మొదలుపెట్టింది. తర్వాత యూటా, మిషిగన్, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. కానీ ఎక్కడ ఈ మాట ఎత్తినా పాలకులది ఒకటే పాట: ఖర్చు!

ఖర్చు లేదని ఎవరన్నారు? కోర్టు కంప్యూటరుకూ పోలీసు కంప్యూటరుకూ పొంతన ఉండదు. ఒకే మనిషి పేరు రెండు రకాలుగా ఉంటుంది. కేసు కొట్టేసిన సంగతి పోలీసు రికార్డుకెక్కదు. ఇవన్నీ సరిచేయాలి. న్యూయార్క్ చట్టం 2024 నవంబర్‌లో అమల్లోకి వచ్చినా, ఈ పనికి 2027 నవంబర్ దాకా గడువిచ్చారు. అయితే ఆ చిందరవందర ఎవరి నిర్వాకం? రికార్డు సరిగా రాయనిది ప్రభుత్వం, శిక్ష మాత్రం పేదలకా?

దరఖాస్తు పద్ధతి చవకా? ఒక్కో కేసుకు జడ్జి సమయం, గుమాస్తా జీతం ఖర్చు కావడం లేదా? ప్రోగ్రాం ఒకసారి రాస్తే లక్షల కేసులకు పనికొస్తుంది. మిషిగన్‌లో దరఖాస్తు పద్ధతిపై 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అర్హత వచ్చిన ఐదేళ్లలోపు రికార్డు తొలగించుకోగలిగినవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. తొలగించుకున్నవాళ్ల సంపాదన మాత్రం ఏడాదిలో ఐదోవంతుకు పైగా పెరిగింది. ఈ లాభం ఏ బడ్జెట్ పద్దులో ఉంది?

ఈ నష్టం స్త్రీలకు మరీ బాగా తెలుసు. వృద్ధుల సేవ, పిల్లల సంరక్షణ, ఆసుపత్రి పని - వాళ్లు ఎక్కువగా చేసే ఉద్యోగాలన్నిటికీ ముందు పాత రికార్డు చూస్తారు. ఎప్పుడో దుకాణంలో చిన్న దొంగతనం చేసిన తల్లికి తలుపు మూసుకుపోతుంది. పెన్సిల్వేనియాలో మొదట జరిమానా బాకీ ఉంటే రికార్డు మూసేవారు కాదు. అంటే పేదరికానికి రెండో శిక్ష! పోరాడితే 2020లో ఆ షరతు పోయింది, బాధితుల నష్టపరిహారం బాకీ మాత్రం మిగిలింది.

'భార్యను కొట్టినవాడి కేసూ మూసేస్తారా?' అని మనలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెన్సిల్వేనియా చట్టం మనుషులపై హింసకూ, కుటుంబంపై నేరాలకూ పడిన శిక్షలను ఇందులోంచి మినహాయించింది. మూసిన రికార్డును కూడా పోలీసులు చూడగలరు. హింసించినవాణ్ణి వదలమని మనం అడగడం లేదు.

మన దేశంలో పెద్దవాళ్లకు ఇలాంటి చట్టం లేదు. పిల్లలకు ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్, అతి ఘోర నేరాల్లో కొన్ని మినహాయింపులతో, గడువు తీరాక రికార్డు నాశనం చేయాలంటుంది. మీ జిల్లాలో ఎన్ని నాశనం చేశారు? సమాచార హక్కు కింద ప్రతి సంఘమూ అడగాలి. ఆ దరఖాస్తు ఖర్చు పది రూపాయలే.