వైరే కదా అని వదిలేస్తే ఎలా?

మా ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నది నా కోసమే. నేను పనిచేసే స్కూలు మా ఇంటికి 6 కిలోమీటర్లు. ఇక బస్సు కోసం ఎండలో నిలబడక్కర్లేదు, పెట్రోలు బంకు ముఖం చూడక్కర్లేదు అని ఎంత సంబరపడ్డానో! రంగు ఎంచుకోవడానికే రెండు సాయంత్రాలు షోరూముకి తిరిగాం. కొబ్బరికాయ కొట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. చార్జింగ్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం బండి ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది!

మావారు హాల్లో టీవీ పక్కనున్న ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, కిటికీలోంచి వరండాలోకి వైరు లాగారు. "ఏమండీ, ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామా?" అంటే, "ప్లగ్గు పెట్టడానిక్కూడా మనిషి కావాలా?" అని నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. నా తప్పల్లా అదే.

రెండు నెలల తర్వాత ఓ వాన సాయంత్రం మా అత్తయ్యగారు "అమ్మాయ్, ఆ చార్జరు పెట్టె ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందే!" అన్నారు. పెద్దావిడ, తిమ్మిరెక్కి ఉంటుందిలే అనుకున్నాం. మర్నాడు పొద్దున్నే ప్లగ్గు తీయబోతే ఊడి రాదే! వేడికి ప్లాస్టిక్ కరిగి బాక్సుకి అతుక్కుపోయింది. ఆ బాక్సుకి జానెడు దూరంలో మా పిల్లలు పడుకునే పరుపు... ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది.

ఈసారి ఎవర్నీ అడగలేదు. వైర్‌మన్ పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని నేనే పిలిపించాను. ఆయన బాక్సు విప్పి చూసి, "అమ్మా, దీనికి ఎర్తు వైరే లేదు. పెద్దావిడకి చెయ్యి జివ్వుమంది అందుకే" అన్నారు. మరి ప్లగ్గు ఎందుకు కరిగిందంటే, మనకి బాగా అర్థమయ్యేలా వంటింటి లెక్క చెప్పారు. మిక్సీ 750 వాట్లు లాగినా తిరిగేది ఐదు నిమిషాలే. స్కూటర్ చార్జరు కూడా ఇంచుమించు అంతే లాగుతుంది, కానీ గంటల తరబడి! ప్లగ్గు కాస్త వదులుగా ఉన్నా, వైరు సన్నగా ఉన్నా అన్ని గంటలూ అక్కడ వేడి పుడుతూనే ఉంటుంది. ఇక కారు సంగతి చెప్పాలా? 3 కిలోవాట్ల చార్జరంటే రాత్రంతా గీజరు వేసి ఉంచినట్టే, అంతకన్నా ఎక్కువే కూడా.

మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను, 4 ఎం.ఎం. రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికో ఎం.సి.బి., 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. వేసి, ఎర్తింగు బాగుచేశారు. ఎం.సి.బి. ఉంటే చాలదా అని అడిగాను. లోడు ఎక్కువైతే అది కట్టేస్తుంది. మనిషికి షాక్ కొట్టేటప్పుడు కరెంటు ఆపేది మాత్రం ఆర్.సి.సి.బి.యేనట. మొత్తం 7 వేలు అయింది. లక్ష పైన పెట్టి బండి కొన్నవాళ్లం, దీనికి చెయ్యి బిగపట్టామే అని సిగ్గేసింది.

మా ఆడపడుచు ఇంట్లో ఇంకో చిత్రం. కొత్త కారు చార్జరు పెడితే ఎర్తు లేదని ఎర్ర లైటు వెలిగింది. వీధి చివరి కుర్రాడెవరో వచ్చి ప్లగ్గులో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేశాడు. లైటు పచ్చగా మారింది, అందరూ భేష్ అన్నారు! ఎంత ప్రమాదమో తెలుసా? అలా కలిపాక ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగితే 230 వోల్టులు కారు ఒంటికే రావచ్చు. తడి కాళ్లతో తలుపు తీసేది మనమో, మన పిల్లలో!

2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇళ్లలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది డిసెంబర్ నుంచి బ్యాటరీల పరీక్షల నిబంధనలు కఠినం చేశారు. బ్యాటరీ సంగతి ప్రభుత్వం, కంపెనీలు చూడాలి. గోడలోని వైరు సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. కంపెనీ మనిషి వచ్చి గోడకి పెట్టె బిగించినా, మన ఎర్తింగు సరిగా ఉందా, కరెంటు బిల్లు మీదున్న లోడు సరిపోతుందా అని ముందే చూపించుకోవాలి. చాలకపోతే కరెంటు ఆఫీసులో అదనపు లోడుకి దరఖాస్తు పెట్టుకోవాలి.

అద్దె ఇళ్లవాళ్ల బాధ ఇంకోటి. మా స్కూల్లో ఓ టీచరు అడిగితే ఇంటి ఓనరు "బండి మీది, గోడ మాది" అన్నాడట. పాపం, ఆవిడ ఇప్పటికీ మేడ మీంచి వైరు వేలాడదీస్తోంది. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022లోనే స్పష్టం చేసింది. వేసిన లైను ఇంటికే మిగులుతుంది కదా, సగం ఖర్చు భరిస్తే ఓనర్లకి పోయేదేముంది? కాలిపోతే వాళ్ల ఇల్లే కదా!

నన్నడిగితే, కరెంటు పని మగవాళ్లదని మనం తప్పుకోవడమే అసలు పొరపాటు. ఆ రోజు ఎలక్ట్రీషియన్ కూడా మొదట "సార్ లేరా అమ్మా?" అనే అడిగారు. చార్జరు పక్కన ఇల్లు ఊడ్చేది, తడిబట్ట పెట్టేది మనమైనప్పుడు ప్రశ్నలు కూడా మనమే అడగాలి కదా! ఎర్తింగు చూశారా? విడి లైను వేశారా? ఆర్.సి.సి.బి. ఏది? ఇంతే. నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కి పడిపోతోందో లేదో చూడటానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఎండాకాలం తులసికోటకి పోసినట్టే ఎర్తు గుంతలోనూ నాలుగు చెంబులు నీళ్లు పోస్తున్నాను నేను.

బండి కొనేముందు ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ లెక్క వేసే కాగితం మీదే ఎలక్ట్రీషియన్ ఖర్చూ రాయండి. రంగు తర్వాత చూసుకోవచ్చు. ఏమంటారు?