పెట్టె వచ్చినప్పుడే అడగాలి

పొలం గట్టు మీద మూడు కాళ్ల పీట వేసి, దానిపై చిన్న పెట్టె పెట్టి, కాసేపు చూసి ఏదో రాసుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే రైతుకు అనుమానం రావడం సహజం. ఆ పెట్టె పేరు గ్రావిమీటరు. అది ఆ చోట భూమ్యాకర్షణ ఎంతుందో కొలుస్తుంది. దానివల్ల పైరుకు గానీ నేలకు గానీ హాని లేదు. అందుకే దాన్ని అడ్డుకోవద్దని చెబుతున్నాం. అలాగని చూస్తూ ఊరుకోవద్దని కూడా చెబుతున్నాం.

నేల కింద బరువైన రాయి పైకి ఉన్నచోట ఆకర్షణ కాస్త ఎక్కువ. తేలికైన ఇసుకరాయి, బంకమన్ను పొరలు మందంగా ఉన్నచోట కాస్త తక్కువ. ఈ తేడాను మిల్లీగాల్‌లలో లెక్కిస్తారు. 75 కిలోల ధాన్యం బస్తాను స్ప్రింగు కాటాకు వేలాడదీస్తే, ఒక మిల్లీగాల్ తేడాకు కాటా చూపే మార్పు సుమారు మూడు వడ్లగింజలంత. ఇంత సూక్ష్మమైన కొలతలు వందల చోట్ల తీసి, కలిపి పటం గీస్తారు.

కృష్ణా గోదావరి డెల్టా పైకి బల్లపరుపుగా కనిపిస్తుంది. ఒండ్రు కింద మాత్రం బాపట్ల, తణుకు పేర్లతో పిలిచే రాతి గట్లు, వాటి మధ్య కిలోమీటర్ల లోతు పల్లాలు ఉన్నాయి. ఆ రూపం తెలియడంలో గ్రావిటీ సర్వేలది పెద్ద పాత్ర. గ్యాసు ఉందో లేదో ఈ సర్వే చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఆ తర్వాత గుంతలు తవ్వి మందుగుండు పేల్చే సైస్మిక్ సర్వే వస్తుంది. దాని వెనుక రిగ్గు, గ్యాసు పడితే పైపులైను వస్తాయి.

ఆ చివరి మెట్లు ఎలా ఉంటాయో కోనసీమకు తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం భూమి రైతు పేరునే ఉంటుంది. కానీ పైపు వెళ్లే పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. జరిగిన నష్టానికి ఇచ్చేది పోగా, వాడుక హక్కు కింద దక్కేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. కొబ్బరి నాటకూడని నేల కొబ్బరి రైతుకు ఎందుకు?

రిగ్గు దిగాక అడిగితే ఆలస్యమైనట్టే. అందుకే మొదటి మెట్టు దగ్గరే మూడు డిమాండ్లు పెడుతున్నాం. సర్వేకు ముందు గ్రామసభలో తెలుగులో చెప్పాలి. సర్వే ముగిశాక మన ఊళ్లో తర్వాతి పని ఉందా, ఏ సర్వే నంబర్లలో అన్నది రాతపూర్వకంగా ఇవ్వాలి. పంట నష్టం రేటు పొలంలో కాలు పెట్టకముందే తేల్చాలి.

వివరాలు వ్యాపార రహస్యమని కంపెనీలు అంటాయి. వాళ్ల కొలతల అంకెలు మనకు అక్కర్లేదు. మన పొలం గురించి ఏం అనుకుంటున్నారో చెబితే చాలు. ఈసారి మీ ఊరికి పెట్టె వస్తే, గట్టు మీద నలుగురు కలిసి నిలబడి ఈ మూడూ అడగండి. జవాబును కాగితం మీద తీసుకుని సంఘం శాఖకు అందజేయండి.