ఉద్యోగార్థులు – ఒక్క పుట కాగితము

ఏటేట మన కళాశాలలనుండి పట్టములు పుచ్చుకొని వెలువడు యువకులు మొట్టమొదట వ్రాయవలసిన గ్రంథము ఒక్క పుటకు మించదు. దానినే రెజ్యూమే యనుచున్నారు. నాలుగేండ్ల చదువునకు లోకము చూచెడి ముఖము అదియే. ఐనను దానిని వ్రాయు విధము నేర్పెడి పాఠము మన విద్యాలయములలో అరుదు. కావున యువకులు అంతర్జాలము నాశ్రయించుచున్నారు. ఆశ్రయించుట తప్పుగాదు, అచట నేది గ్రహింపవలయునో, ఏది విడువవలయునో తెలియకుండుటయే తప్పు.

ఈ విద్య నిన్న పుట్టినది కాదు. 1482 ప్రాంతమున ఇటలీదేశపు లియొనార్డో డా విన్సీ మిలాను పాలకుడగు లుడొవీకో స్ఫోర్జా కొలువు గోరి యొక లేఖ సిద్ధపఱచెను. చిత్రకారుడైన యాతడు అందు వంతెనలను, ఫిరంగులను, ముట్టడి యంత్రములను వరుసగా పేర్కొని, చిత్రలేఖనమును చివరి భాగమున మాత్రమే తలచెను. ఏలయన ఆ ప్రభువునకు ముందు కావలసినవి యుద్ధసాధనములు. ఎదుటివాని యవసర మెఱిగి తన నేర్పు చెప్పుటయే ఈ విద్యకు మూలసూత్రము.

నేడు మనవారు చేయుచున్న దేమి? ఏదో యొక మాదిరి దించుకొని, పేరు మార్చి, నూఱు చోట్లకు ఒకే కాగితము పంపుచున్నారు. కష్టించి పనిచేయువాడను, త్వరగా నేర్చుకొనువాడను అను మాటలు అందఱి కాగితములందును ఒక్కటే. తండ్రిపేరు, మతము, వివాహము అయినదియు కానిదియు పాత బయోడేటా వాసనలుగా ఇంకను వ్రేలాడుచున్నవి. లెక్కలు వ్రాయు ఉద్యోగమునకు మతముతో పనియేమి?

పెద్దసంస్థలలో ఈ పత్రమును మొదట చదువునది తఱచుగా మనుష్యుడు గాడు, కంప్యూటరు. బొమ్మలు, పట్టికలు, రెండు వరుసల యమరిక దానిని తికమక పెట్టవచ్చును. కావున రంగుల మాదిరికంటె సాదా మాదిరియే మేలు. ఉద్యోగ ప్రకటనను రెండుమాఱులు చదివి, అందు కోరిన నేర్పులలో తనకు నిజముగా నున్నవానిని ఆ మాటలతోనే చెప్పవలయును. ప్రాజెక్టు చేసితి నన్నంత మాత్రమున చాలదు. ఎన్ని నెలలు, ఎందఱితో, ఏమి ఫలితమో చెప్పవలయును.

సాధనములకు కొదువ లేదు. 2015లో కేంద్రకార్మికశాఖ నెలకొల్పిన నేషనల్ కెరీర్ సర్వీసునందు ఉద్యోగార్థి రుసుము లేక పేరు నమోదు చేసికొనవచ్చును. ఐరోపాకు పోవువారికి ఐరోపా సమాఖ్యవారి యూరోపాస్ మాదిరి ఉచితముగా లభించును. కృత్రిమమేధచే భాష దిద్దించుకొనవచ్చును. బ్రదుకును మాత్రము దానిచే వ్రాయించుకొనరాదు.

ఇంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. లేని యనుభవమును సొమ్మిచ్చి కొని, చేయని కొలువును చేసినట్లు వ్రాయుట. భవిష్యనిధి సంస్థవారు 2014లో యూఏఎన్ సంఖ్య నేర్పఱచిన పిదప, ఎవడు ఎచట ఎంతకాలము పనిచేసెనో సరిచూచుట యజమానులకు సులభమైనది. బయటపడినవాడు తానొక్కడే చెడడు. అదే యూరినుండి, అదే కళాశాలనుండి రేపు వచ్చెడి నిజాయితీపరుని కాగితమును గూడ అనుమానముతో చూతురు. ఒకని యబద్ధమునకు పదిమంది సుంకము కట్టవలసి వచ్చును. విచిత్రమేమన, ఆ కాగితముల యడుగుననే పైన వ్రాసినదంతయు సత్యమని సంతకము చేయుచున్నారు!

తప్పంతయు యువకులదే యనుట న్యాయము గాదు. దారి చూపువారు లేనప్పుడు దళారియే గురువగును. 1914లో బెజవాడయందు గ్రంథాలయ సంఘము స్థాపించుకొన్న వారము మనము. ప్రతి పట్టణ గ్రంథాలయమునను ఒక కంప్యూటరును, వారమున కొక సాయంకాలమును, ఉద్యోగవిరమణ చేసిన యొక పెద్దమనిషిని ఈ పనికి కేటాయించుట కష్టమా? ఆయన ఆ కాగితమును చదివి ప్రతి పంక్తికిని 'ఇది నిజమేనా నాయనా?' అని యడిగిన చాలును. ఆ ప్రశ్నకు తడబడక బదులు చెప్పగలవాడు ఏ కార్యాలయమునందైనను తలయెత్తి నిలువగలడు.